సున్నాకు ముందున్న వేడి

పోయిన వారం మనం ఆ మూడో అంతస్తు ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర ఆగాం. ఆదివారం మధ్యాహ్నం. అబ్బాయి బయటినుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడిపోయాడు. కోడలు బల్ల మీద మూడు కాగితాలు పరిచి, ఫ్యాను గాలికి లేవకుండా వాటి మీద ఉప్పుడబ్బా పెట్టి, "నీ లెక్క తప్పు. నూట ముప్పై డిగ్రీలు తప్పు," అనేసింది. తెల్లవారితే అబ్బాయి ఉద్యోగాన్ని పర్మనెంటు చేయాలా వద్దా అని పది గంటలకు కమిటీ కూర్చుంటుంది. ఆ కమిటీ చూసేదల్లా పెద్ద పత్రికలో అచ్చయిన అతని పరిశోధన పేపరు ఒక్కటే. కోడలు తప్పంటున్నది ఆ పేపరునే.

వాళ్ళిద్దరి మధ్యా గరిటె పట్టుకుని నిలబడి ఉంది అబ్బాయి తల్లి.

ఆవిడకు భయం కొత్తేమీ కాదు. ఆస్పత్రి లాండ్రీలో ఇరవై రెండేళ్ళు దుప్పట్లు ఇస్త్రీ చేసి, ఇస్త్రీ అమ్మ అనే పేరు తెచ్చుకుని బయటపడ్డ మనిషి. కొడుకు లేజరు గదిలో పనికి చేరిన రోజునుంచి ఆవిడ పడని భయం లేదు. ఆ వెలుగు కళ్ళలో పడి గుడ్డివాడైపోతాడేమో. గదికి నిప్పంటుకుంటుందేమో. లిఫ్టు తెగుతుందేమో. "కళ్ళద్దాలు పెట్టుకున్నావా?" అని రోజుకు రెండుసార్లు ఫోన్ చేసేది. ఇన్ని భయాలు పడిన మనిషి, ఇంట్లో తను వండి పెట్టే బల్ల మీదే, ఉప్పుడబ్బా కింద కొడుకు బతుకు ఇలా రెపరెపలాడుతుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

"ముందు చెప్పులు విప్పరా," అంది, ఇంకేమనాలో తోచక.

అబ్బాయి విప్పలేదు. "ఆదివారం కూడా ల్యాబేనా? రాళ్ళమ్మకు ఇంట్లో వేరే పనేమీ లేదు కాబోలు," అన్నాడు.

ల్యాబులో కోడలికి రాళ్ళమ్మ అని పేరు. పొడులు కరిగించి, బిళ్ళలుగా నొక్కి, అద్దంలా నున్నగా అరగదీసేది ఆమే. అతన్ని సున్నా సారు అంటారు. ఆ పేరు ఎందుకొచ్చిందో ఇంకాసేపట్లో మీకే తెలుస్తుంది.

"రాళ్ళు కొట్టేదాన్నే," అంది కోడలు. "కొట్టి కొట్టి ఇప్పటికి తెలుసుకున్నా. వచ్చి కూర్చో."

"నాకు చెప్పడం కాదు. మా అమ్మకు చెప్పు. ఆవిడకు అర్థమైతే నేను కూడా ఒప్పుకుంటా."

వెటకారంగానే అన్నాడు. తల్లి తొమ్మిదో తరగతితో చదువు ఆపేసింది. ఆవిడకు ఇదంతా ఏమర్థమౌతుందిలే అని అతని ధైర్యం. కోడలు మాత్రం ఆ మాట పట్టుకుంది. కుర్చీ లాగి, "కూర్చోండి అత్తయ్యా," అంది.

గరిటె ఒళ్ళో పెట్టుకుని కూర్చుందావిడ.

"మేం చేసే రాయి సంగతి మీకు తెలుసుగా."

"ఒక పక్క వేడి తగిలితే కరెంటు పుడుతుంది. అదేగా?"

"అదే. దానిలోపల కరెంటు నడవడానికి రెండు మెట్లున్నాయనుకోండి. ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. రాయి వేడెక్కేకొద్దీ రెండూ దగ్గరికొస్తాయి. ఒకచోట సమానమైపోతాయి. ఆ వేడి దగ్గర రాయి అన్నింటికంటే బాగా పనిచేస్తుంది."

"నూట ఎనభై," అంది ఆవిడ టక్కున.

ఆ అంకె ఇంట్లో అందరికీ నోటికొచ్చు. పేపరు అచ్చయిన రోజు ల్యాబు పెద్ద సారు కేకు మీద ఆ అంకె రాయించి ఇంటికి పంపించారు. ఆవిడ ఆ ఒకటినీ ఎనిమిదినీ సున్నానీ కోయడానికి మనసొప్పక, చుట్టూ ఉన్నదంతా కోసి పంచి, మధ్యది రెండు రోజులు అలాగే దాచింది.

"ఆ నూట ఎనభై ఎలా తెలిసిందో చెబుతా," అంది కోడలు. "రాయి మీదికి రెండు వెలుగులు వదులుతాం. రెప్పపాటులో కోటానుకోట్లో వంతు సేపే ఉంటాయవి. మొదటిది రాయిని కొట్టే వెలుగు. రెండోది చూసే వెలుగు, అది దాని వెనకాలే వచ్చి రాయి ఎలా ఉందో చూసి పోతుంది. రెండూ ఒకేసారి తగిలే క్షణం ఉంటుంది చూశారూ, అది సున్నా. రోజూ పొద్దున్నే అద్దాన్ని వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి ఆ సున్నాను వెతికి పట్టుకునేది మీ అబ్బాయే. అందులో అతన్ని మించినవాళ్ళు లేరు. అది నేనే ఒప్పుకుంటా."

అబ్బాయి గోడకు ఆనుకుని కిటికీ వైపు చూస్తున్నాడు. కింద తాళాలు చేసేవాడి ఆకురాయి చప్పుడు గీరగీరమని పైకి వినబడుతోంది.

"మరి చూసేది ముందొచ్చి, కొట్టేది తర్వాతొస్తే?" అడిగింది ఆవిడ.

కోడలు తలెత్తి చూసింది. "అక్కడికే వస్తున్నా. అది సున్నాకు ముందు. అప్పుడేం కనపడాలి?"

"కొట్టకముందు ఏం కనపడుతుంది? చల్లటి రాయే కనపడుతుంది."

"కదా? అంటే ఈ గీత నేల మీద పడుకుని ఉండాలి." కోడలు మొదటి కాగితం ఆవిడ ముందుకు జరిపింది. మధ్యలో నిలువుగా ఒక గీత, దాని కింద సున్నా. కుడి పక్కన కొండలా పైకి లేచి మెల్లగా దిగుతున్న వంపు. ఎడమ పక్కన మాత్రం గీత నేలను వదిలి రెండు వేళ్ళ ఎత్తున నిలబడి ఉంది. "ఎక్కడుంది చూడండి."

"లేచి ఉంది."

"ఎందుకు లేచింది? ముందు కొట్టిన దెబ్బ వేడి ఇంకా పోలేదు. ఆ వెలుగు సెకనుకు లక్షలసార్లు పడుతుంది. ఒక దెబ్బ చల్లారేలోపే ఇంకోటి. మామూలు రాయైతే వేడిని వదిలేసేది. ఇది వదలదు. వదలదు కాబట్టే గదా దీన్ని ఎంచుకున్నాం!"

ఇస్త్రీ అమ్మ అరచెయ్యి ఒళ్ళో దానంతటదే విచ్చుకుంది.

ఆవిడకు ఆస్పత్రి ఉన్ని కంబళ్ళు గుర్తొచ్చాయి. పలుచటి దుప్పటి మీద ఎన్నిసార్లు ఇస్త్రీపెట్టె తోసినా ఏమీ కాదు, వెంటనే చల్లారిపోతుంది. కంబళి అలా కాదు. ఒక విసురు వేసి, కాసేపు ఆగి, మళ్ళీ వేయాలి. ఆగకుండా తోస్తే వేడంతా లోపలే కూర్చుంటుంది. పక్కన చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగానే ఉంటుంది, మడత విప్పితే లోపల గోధుమరంగు మచ్చ.

"థర్మామీటరు ఎక్కడ పెట్టావురా?" అని అడిగింది కొడుకుని.

"కింద, రాయిని పట్టుకునే రాగి బిళ్ళకు," అంది కోడలు.

"దెబ్బ తగిలేచోట కాదా?"

"అక్కడ పెట్టడం కుదరదమ్మా," అన్నాడు అబ్బాయి విసుగ్గా. "ఆ చోటు వెంట్రుక మందం కూడా ఉండదు."

"మరైతే రాగి బిళ్ళ నూట ఎనభై అంటుంటే, దెబ్బ తగిలేచోట ఇంకా ఎక్కువే ఉండి ఉంటుంది కదరా."

ఆ మాట అనేశాక గాని ఆవిడకు తెలియలేదు తనేమందో. అర్థం కాలేదని ఒక్క మాట అని ఉంటే పోయేది. "నాకేం తెలుసమ్మా ఇదంతా" అని లేచి వంటింట్లోకి పోయి ఉంటే అబ్బాయి పక్షానే ఉండేది. అర్థమై చచ్చింది. ఇరవై రెండేళ్ళు కాల్చుకున్న చెయ్యి ఆవిడనడగకుండానే సాక్ష్యం చెప్పేసింది.

అబ్బాయి మొహం చిన్నబోయింది. వచ్చి కుర్చీలో కూలబడి, ఇప్పుడు చెప్పులు విప్పాడు.

"సున్నాకు ముందున్నది అందరూ తీసేస్తారు," అన్నాడు. "ఏ ల్యాబుకైనా వెళ్ళి అడుగు. దుమ్ము దులిపినట్టు అక్కడున్నది ఎంతైతే అంత, మొత్తం గీతలోంచి తీసేసి లెక్క మొదలెడతారు. నేను కొత్తగా చేసిందేమీ లేదు."

"నేనూ అదే అంటున్నా. దొంగతనం అనలేదు, పొరపాటు అన్నా." కోడలు మిగతా రెండు కాగితాలూ ముందుకు తోసింది. "నువ్వు ఊరెళ్ళిన వారంలో వెలుగును తగ్గించి చూశా. పది దెబ్బలకు ఒక్క దెబ్బే పోనిచ్చా. రాయికి చల్లారే టైము ఇచ్చా. చూడు, గీత బుద్ధిగా నేల మీద పడుకుంది. అప్పుడు నూట ఎనభై దగ్గర మెట్లు సమానం కాలేదు. మూడు రాళ్ళ మీద చూశా. మూడింటిలోనూ మూడు వందల పది దగ్గరే కలిశాయి."

"నీ రాళ్ళు," అన్నాడు అతను.

ఆ రెండు మాటలకు కోడలి మొహం గట్టిపడింది.

"అవును, నా రాళ్ళే. ఏడాదిన్నరగా నీ అంకెకు కలవని రాళ్ళు. కలవకపోతే ఏమన్నావు? నీ చేతులు సరిగా లేవన్నావు. సరిగా నొక్కలేదన్నావు, సరిగా అరగదీయలేదన్నావు. ముప్పై ఒక్క రాయి పారేశా. ఒక్కోటి నాలుగు రోజుల పని. పెద్ద సారు ముందు నిలబెట్టి, 'మా ఆవిడకు కాస్త ట్రైనింగ్ ఇప్పించండి సార్' అని నవ్వావు గుర్తుందా? అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను."

ఇస్త్రీ అమ్మ కళ్ళు దించుకుంది. ఆ ఏడాదిన్నరలో తను చేసిన ఘనకార్యమూ ఒకటుంది. కోడలి చేతుల్లో పట్టు లేదని కొడుకు చెప్పగానే, రక్తం తక్కువై ఉంటుందని హడలిపోయి, మందుల షాపు నుంచి టానిక్కు తెచ్చి రోజూ పొద్దున్నే రెండు చెంచాలు పోసి నిలబడి తాగించేది. ఆ నల్లటి చేదు మందును కోడలు ఒక్కనాడూ కాదనలేదు. తన చేతులవైపు చూసుకుంటూ మింగేది. ఎనిమిదో సీసా ఇంకా కిటికీలో సగం ఉంది.

"ఏం చేద్దామంటావు?" అన్నాడు అబ్బాయి చివరికి.

కోడలు ఫైలులోంచి ఒక ఉత్తరం తీసింది. ఒక్క పేజీ. పత్రికవాళ్ళకూ పెద్ద సారుకూ కలిపి రాసింది.

"కమిటీ కూర్చోకముందే పెద్ద సారు చేతికిద్దాం. పేపరు మీద నా పేరు కూడా ఉంది. రాయి నాది, వెలుగు నీది. కాబట్టి ఇద్దరం సంతకం పెడదాం. చదువుతా విను. 'మా కొలతల్లో పొరపాటు జరిగింది. సున్నాకు ముందున్న వేడిని మేము లెక్కలోకి తీసుకోలేదు. సరైన అంకె మూడు వందల పది. ఈ సంగతి ఈ నెలలోనే మాకు తెలిసింది. అంతకుముందు మాలో ఎవరికీ తెలియదు.'"

"రేపు కమిటీ. ఇవాళ ఉత్తరం. భేషుగ్గా ఉంది," అన్నాడు అతను. "నీ ముప్పై ఒక్క రాళ్ళకూ ఇలా పగ తీర్చుకుంటున్నావన్నమాట."

"పగైతే కమిటీకే పంపేదాన్ని. నీ ముందు పెట్టి కూర్చునేదాన్ని కాదు."

కింద తాళాలవాడి ఆకురాయి ఆగింది. ఆవిడ మనసు అప్పటికే ఎక్కడెక్కడికో పరుగెత్తింది. ఉద్యోగం పోతుంది. వీళ్ళిద్దరూ విడిపోతారు. పిల్లాడు తిండి మానేసి మంచం పడతాడు. ఒక్కో మెట్టూ దిగుతూ ఆ భయాల అడుగుదాకా వెళ్ళి, అక్కడ ఇక దిగడానికి మెట్టు లేక, వెనక్కి తిరిగింది.

"ఒరే నాన్నా," అంది. "నేనోసారి ఇరవై కంబళ్ళు మాడ్చాను. తెలుసుగా నీకు."

"వంద సార్లు విన్నా."

"వందసార్లు విన్నావు, ఇంకోసారి విను. ఆగకుండా తోసేశాను, తొందరలో. మడత పెట్టి లోపలికి దాచేస్తే ఎవరికీ తెలిసేది కాదు. మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళి పరిచి చూపించాను. నానా మాటలూ అన్నాడు. మూడు నెలలు తడిబట్టల వైపు వేశాడు. అంతేగా? మళ్ళీ నా పెట్టె దగ్గరికి నేనొచ్చాను. పొరపాటుకు ఎవరూ ఉరెయ్యరు నాన్నా."

"నిన్ను తడిబట్టలకు వేశాడమ్మా. నన్నెక్కడికి వేస్తారు?" అన్నాడు అబ్బాయి. "మూడు నెలల మాట కాదు, పదేళ్ళు! ఇప్పుడు ఇది పోతే ముప్పై ఆరేళ్ళకు మళ్ళీ మొదట్నించి ఎక్కడ నిలబడాలి? వరుసలో నాకంటే చిన్నవాళ్ళ వెనకాలా?"

"వాళ్ళ వెనకాలే నిలబడు. నేనొచ్చి నీ పక్కన నిలబడతా," అంది కోడలు. వెటకారం లేదు ఆ గొంతులో. "నా పేరు ముందు పెట్టా చూడు. తిట్లు మొదట నాకే పడతాయి."

అతను ఉత్తరం తీసుకున్నాడు. రెండుసార్లు చదివాడు. వేలు చివరి పంక్తి మీద ఆగింది.

"ఇది ఉండాలా?"

"ఏది?"

"అంతకుముందు ఎవరికీ తెలియదు అన్నది. అది తీసేస్తే బాగుంటుంది. అనవసరం."

"ఏం మాట! నిన్ను కాపాడేది అదొక్కటే గదా," అంది కోడలు ఆశ్చర్యంగా. "పొరపాటుకూ మోసానికీ మధ్య ఉన్నది ఆ ఒక్క ముక్కే. దాని కోసమే నేను సంతకం పెడుతున్నా. లేకపోతే నేనెందుకు పెడతా?"

అతను పెన్ను తీసుకుని తన పేరు కింద గిలికి, కాగితాన్ని ఆమె వైపు తోసేశాడు. మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు.

ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. ఏడుపూ వచ్చింది. ఆ రెండూ కోడలికి కనపడకుండా, "టీ పెడతా," అని లేచి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెలో నీళ్ళు పోసి స్టవ్ వెలిగించింది. చక్కెరడబ్బా పై అరలో ఉంది. పీట ఎక్కి దాన్ని అందుకుంది.

డబ్బా అడుగున చెమ్మకు అంటుకున్న కాగితం కూడా దానితోపాటు లేచొచ్చింది.

అరల్లో కాగితాలు పరిచింది ఆవిడే. ఇంటికి కొత్తగా చేరినప్పుడు, అబ్బాయి పెళ్ళికి ముందు. అతను పారేయమన్న కట్టలోంచి మంచివి ఏరి, రాత కిందికి తిప్పి పరిచింది. తెల్ల కాగితాన్ని పారేయడమంటే ఆవిడకు ప్రాణం ఒప్పదు. ఇన్నాళ్ళూ ఆ కాగితాల రెండో వైపు ఏముందో ఆవిడకు అక్కర్లేదు, ఉన్నా అర్థమయ్యేది కాదు. ఇవాళ్టి దాకా.

మధ్యలో నిలువు గీత. కింద సున్నా. కుడి పక్కన కొండ. ఎడమ పక్కన నేలను వదిలి నిలబడ్డ గీత. దాని చుట్టూ ఎర్ర ఇంకుతో ఒక చుట్టు. పక్కన అబ్బాయి చేతిరాత. ఒకటో తరగతిలో ఆవిడ వేలు పట్టి దిద్దించిన చేతిరాత.

'రాయి చల్లారడం లేదు. నూట ముప్పై దాకా ఎక్కువ ఉండొచ్చు.'

దాని కింద ఇంకో పంక్తి. 'తీసేస్తే సరిపోతుంది. పేపరు ఆలస్యం చేయొద్దు.' తీసేస్తే అన్న మాట కింద రెండు గీతలు.

నూట ముప్పై. కోడలు ముప్పై ఒక్క రాళ్ళు పారేసి, ఎనిమిదో సీసా దాకా చేదు మింగి తెలుసుకున్న అంకె. పై మూలన తారీఖు ఉంది. ఫిబ్రవరి పదకొండు. పెళ్ళి ఆ ఏడాది జూన్‌లో. పేపరు అచ్చయింది ఆగస్టులో.

ఇన్నేళ్ళూ ఆవిడ జరగబోయేవాటికే భయపడింది. ఎప్పుడో జరిగిపోయి, తన వంటింట్లోనే, చక్కెరడబ్బా కింద పడుకున్నదానికి భయపడాలని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. 'చేతులు సరిగా లేవు' అన్నప్పుడు వాడికి తెలుసు. 'ట్రైనింగ్ ఇప్పించండి' అని నవ్వినప్పుడూ తెలుసు. తను టానిక్కు చెంచాలో పోసి నిలబడితే, అదే బల్ల దగ్గర కూర్చుని తింటూ చూసినప్పుడూ తెలుసు.

వెనక అలికిడైంది. గుమ్మంలో అబ్బాయి. అతని చూపు ముందు తల్లి మొహం మీద, తర్వాత ఆవిడ చేతిలోని కాగితం మీద పడింది. ఎర్ర చుట్టు అంత దూరం నుంచి కూడా కనపడుతోంది. ఒక్క అడుగు లోపలికి వేసి చెయ్యి చాపాడు. గొంతు బయటికి రానివ్వకుండా, "అమ్మా, అదిలా ఇయ్యి," అన్నాడు. అతని కళ్ళు స్టవ్ మంట వైపు మళ్ళి వచ్చాయి.

ఆవిడ ఇవ్వలేదు. వెనక్కీ లాక్కోలేదు. పీట మీద అలాగే నిలబడి ఉంది.

ముందుగదిలో పెన్ను మూత తీసిన చప్పుడు. కుర్చీ బల్లకు దగ్గరగా జరిగిన చప్పుడు.

"అత్తయ్యా," అని పిలిచింది కోడలు, ఎన్నో నెలల తర్వాత తేలికపడ్డ గొంతుతో. "సంతకం పెట్టేస్తున్నా. ఇవాళ తారీఖు ఎంత?"

గోడ మీది కాలెండరులో ఒక తారీఖు ఉంది. చేతిలోని కాగితం మీద ఇంకో తారీఖు ఉంది. గిన్నెలో నీళ్ళు మరగడం మొదలైంది. కొడుకు చెయ్యి చాచి అలాగే ఉన్నాడు.

ఇస్త్రీ అమ్మ నోరు తెరిచింది.